టాప్ మోడల్‌తో పాటు ఇచ్చే కథ

మే 6

అక్కా,

కవరు మీద నా రాత చూడగానే "వీడికి మళ్ళీ ఏదో అవసరం పడింది" అనుకుని ఉంటావు. ఈసారి ఒట్టు, ఏ అవసరమూ లేదు. షోరూమ్ మారాను, అది చెబుదామనే. ఫోన్ చేసి ఏడవొచ్చుగా అంటావు. పొద్దున్నుంచి ఫోన్లో వాగి వాగి నోరు పిడచగట్టుకుపోతుంది. ఆ గొంతుతోనే నీతో కూడా మాట్లాడటం నాకే నచ్చదు. హాస్టల్లో ఉన్నప్పుడు రాసినట్టు ఇలా రాస్తుంటే ప్రాణం హాయిగా ఉంది.

ఇన్నాళ్ళూ చిన్న కార్లు అమ్మాను కదా, ఇప్పుడు పెద్ద బండి. మరీ బస్సంత కాదులే. మధ్యరకం, కుటుంబమంతా పట్టే ఎస్‌యూవీ. అందులో బేస్ మోడల్ ఉంది, మిడిల్ ఉంది, టాప్ ఉంది. నన్ను టాప్ దగ్గర నిలబెట్టారు. అబ్బో, దాని సోకు చూడాలక్కా! పైకప్పు ముందు నుంచి వెనక దాకా మొత్తం అద్దమే. మీట నొక్కితే తెర జరుగుతుంది, నెత్తిమీద ఆకాశం. సీట్ల లోంచి చల్లగాలి వస్తుంది, వీపు చెమట పట్టదు. బండి చుట్టూ కెమెరాలు. పక్క బండి మరీ దగ్గరికొస్తే అదే అరుస్తుంది, ముందు ఎవరైనా అడ్డమొస్తే అదే బ్రేకు వేసుకుంటుంది. చేతిలో సామానుంటే వెనక కింద కాలు ఇలా ఊపితే చాలు, డిక్కీ దానంతటదే లేస్తుంది.

కానీ ఇవేవీ చెప్పకూడదంటాడు మా మేనేజరు. టాప్ మోడల్ అమ్ముడైన ప్రతిసారీ షోరూమ్ మధ్యలో వేలాడే ఇత్తడి గంట ఆయనే కొడతాడు, అందుకని మేమంతా గంటాయన అంటాం. "సీటు సంగతి, గాజు సంగతి కాగితంలో ఉందిరా. నువ్వు ఇంటి కథ చెప్పు" అంటాడు. శనివారం షట్టర్ ఎత్తకముందు మమ్మల్ని బండి చుట్టూ నిలబెడతాడు. ఒక్కొక్కడూ వాళ్ళింటి మనిషి కథ ఒకటి చెప్పాలి. అందులో బండి సౌకర్యం ఒకటి కలవాలి. ఒకడు వాళ్ళ నాన్న నడుంనొప్పి చెప్పి చల్లగాలి సీటు అమ్ముతాడు. ఇంకొకడు వాళ్ళావిడ గోడని గుద్దిన సంగతి చెప్పి కెమెరాలు అమ్ముతాడు. బాగా పండిన కథని గంటాయన అందరికీ నేర్పిస్తాడు. నా వంతు వచ్చేసరికి నోరు పెగల్లేదు. నాకు పెళ్ళామా, పిల్లలా!

అది సరే, మన దొరసాని ఎలా ఉంది? కాలు కింద పెట్టదు కాబట్టి దొరసాని అని నేను పేరు పెట్టినప్పుడు నువ్వు నన్ను చీపురుతో కొట్టబోయావు, అది మాత్రం పడీ పడీ నవ్వింది. బడికి ఎలా వెళుతోంది? ఆటో ఎలా ఎక్కుతోంది? ఏం కబుర్లు చెబుతోంది? అన్నీ వివరంగా రాయి. చిన్నచిన్నవి కూడా వదలకు.

బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు


మే 19

ఒరేయ్ వాగుడుకాయా,

నీ ఉత్తరం దొరసానే పైకి చదివింది, నేను మిషన్ తొక్కుతూ విన్నాను. ఇంట్లోకొచ్చే ఏ కాగితమైనా ముందు దాని చేతిలో పడాల్సిందే కదా. కాలు ఊపితే డిక్కీ లేస్తుందన్న చోట ఆగిపోయింది. "మరి కాలు ఊపలేనివాళ్ళకి?" అంది. మీ బావ రంపం పక్కన పెట్టి, "చెయ్యి ఊపుదువుగానిలే" అన్నాడు. తండ్రీ కూతుళ్ళు నవ్వుకున్నారు. నువ్వైతే దానికి సరైన జవాబు రాయి, ఎదురుచూస్తోంది.

నా సంగతేముంది. కర్టెన్లు, దిండు గలీబులు, కారు సీట్ల కవర్లు. ముందుగది నిండా గుడ్డలు. నిన్న ఒకావిడ కర్టెన్ పొడవు తప్పు కొలిచి తెచ్చి, తప్పు నాదని నా మీద గయ్యిమంది. నేను ఊరుకుంటానా? టేపు తీసి ఆవిడ కళ్ళముందే కొలిచాను. చివరికి నవ్వేసి వెళ్ళింది.

దొరసాని ఏడో తరగతికి వచ్చింది, ఇప్పుడు సెలవులు. కుర్చీలో బడి దాకా వెళ్ళేంత బాగా లేదు రోడ్డు, ఆటోనే. ముందు నేనెక్కి కూర్చుంటాను. మీ బావ దాన్నెత్తి కాళ్ళు లోపల పెడతాడు, నేను చంకల్లో చేతులు వేసి లాక్కుంటాను. కుర్చీ మడిచి డ్రైవర్ పక్కన పెట్టుకుంటాడు. కూర్చుంటే గతుకులకి నడుం పట్టేస్తోందని సెలవుల ముందు నా ఒళ్ళో తల పెట్టి పడుకునే వెళ్ళేది. ఒకరోజు అలా పడుకుని బయటికి చూస్తూ ఏమందో తెలుసా? "అమ్మా, అందరూ ఊరి మొహం చూస్తారు. నేను గడ్డం కింద చూస్తాను" అంది. బాల్కనీల అడుగులు, షాపుల బోర్డుల వెనక తుప్పు, తీగల్లో ఇరుక్కున్న గాలిపటం, ఇవన్నీ దానికి లెక్కే. ఏ మేడకి కింద రంగు వెయ్యలేదో కూడా చెబుతుంది. ఆటో డ్రైవర్ బండి ఆపి మరీ నవ్వాడు.

నువ్వు దాని గురించి ఇంత అడగడం ఇదే మొదటిసారి. దెప్పడం కాదురా. కడుపు నిండింది, అందుకే రాస్తున్నాను. ప్రతిసారీ "పాప బాగుందా" అని అడిగి, నేను "బాగుంది" అనేలోపే వేరే మాటలోకి వెళ్ళిపోయేవాడివి. భయమేమో అనుకునేదాన్ని. పెద్దవాడివయ్యావు.

అక్క


జూన్ 2

అక్కా,

గడ్డం కింద మాట చదివి షోరూమ్‌లోనే పకపకా నవ్వాను. ఆ తర్వాత ఎందుకో ఏడుపొచ్చింది. గంటాయన ఏంట్రా అంటే చదివి వినిపించాను. ఆయనంతటి మొండిమనిషీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

దొరసానికి చెప్పు, కాలే ఊపక్కర్లేదు. తాళంచెవి మీదే మీట ఉంటుంది. ఒళ్ళో పెట్టుకుని మహారాణిలా నొక్కితే డిక్కీ లేస్తుంది. ఇంకో సంగతి. టాప్ మోడల్‌లో మధ్య వరస సీటు బల్లలా ఉండదు, విడివిడిగా రెండు కుర్చీలు, మధ్యలో దారి. చేతుల మీద మోసుకెళ్ళి తలా కాళ్ళూ తగలకుండా కూర్చోబెట్టొచ్చు. ఆ కుర్చీ వెనక్కి బాగా వాలుతుంది. దొరసానిని అందులో పడుకోబెట్టి, పైన తెర జరిపేస్తే! ఊరి గడ్డమంతా దానిదే. ఆ దృశ్యం చూడాలక్కా నేను.

నాకు రోజులు బాగున్నాయి. ఈ వారం గంట నా పేరు మీదే మోగింది. 

నిన్నొకటి అడగాలి. ఎప్పుడూ అడగలేదు, ధైర్యం చాలలేదు. దొరసానికి నడక రాదని డాక్టరు మొదట చెప్పిన రోజు నువ్వేం చేశావు? ఏడ్చావా? ఏమన్నావు? నేనప్పుడు నీ దగ్గర లేను. ఉండాల్సింది. వీలైతే రాయి, లేకపోతే వద్దు.

నీ తమ్ముడు


జూన్ 18

తమ్ముడూ,

నువ్వడిగింది ముందు రాసేస్తాను, లేకపోతే రాయలేను.

ఏడవలేదు. డాక్టరు చెబుతుంటే నేను ఆయన వెనకున్న కర్టెన్ చూస్తూ కూర్చున్నాను. పై అంచు దగ్గర కుట్టు ఊడి జానెడు వేలాడుతోంది. బయటికొచ్చాక మీ బావతో ఆ కర్టెన్ గురించే చెప్పాను. "సూది తెచ్చి బాగుచేస్తానని అడగనా" అన్నాను. ఆయన పాపం, డాక్టరు ఏమన్నాడో అడుగుతూనే ఉన్నాడు. మర్నాటి దాకా చెప్పలేదు. ఆ కుట్టు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఈ అసహ్యం సంగతి ఎవరికీ చెప్పలేదు. నువ్వడిగావు కాబట్టి, నువ్వు కాబట్టి.

సరే, ఇక మంచి మాటలు. నువ్వు బండి తెస్తున్నావని ఇంట్లో ఒకటే హడావుడి! మీ బావ గుమ్మం మెట్ల మీదికి వాలుబల్ల చేశాడు. కుర్చీ ఇప్పుడు సర్రున జారి వీధిలోకి వచ్చేస్తుంది. సందులో అడ్డంగా పడి ఉన్న పాత బీరువాని పక్కింటివాళ్ళతో దెబ్బలాడి తీయించాను. అంత బండి తిరగాలంటే చోటుండాలి కదా. గేటు రెక్క కూడా ఒకటి ఊడదీశాం. దొరసాని బడంతా టముకు వేసేసింది, మా మావయ్య అద్దాల కప్పు బండిలో నన్ను తిప్పుతాడని. ఏ దారిలో వెళ్ళాలో బొమ్మ గీసి పెట్టుకుంది. బడి, చేపల చెరువు గట్టు, రైలు వంతెన కింద నుంచి. వంతెన అడుగు చూడాలట, అది అన్నిటికంటే పెద్ద గడ్డమట.

ఎప్పుడొస్తున్నావో రాయి. సెలవు రోజైతే మంచిది, ఆరోజు మిషన్ మీద గుడ్డ కప్పేస్తాను.

అక్క


జూలై 7

అక్కా,

నీ ఉత్తరం చదివి కంగారు పడ్డాను. వాలుబల్లేంటి, గేటు ఊడదీయడమేంటి? నువ్వు అడగలేక అడిగావని అర్థమైంది. నాతో దాపరికం ఎందుకు? ఉన్నమాట చెప్పేస్తాను. ఉద్యోగుల బంధువులకిచ్చే రాయితీ టాప్ మోడల్‌కి లేదు. బేస్ మోడల్‌కైతే మాట్లాడి చూస్తాను. దానికి గాజు కప్పు రాదు, మధ్యలో విడి కుర్చీలు ఉండవు, కానీ ఇంజను అదే. బావతో ఆలోచించుకుని చెప్పండి.

టెస్ట్ డ్రైవ్ బండిని ఊరు దాటించనివ్వరు. నేను తెస్తానని ఎక్కడ రాశాను? చూడాలని ఉందన్నాను, అంతే.

ఊపిరి సలపడం లేదు. నన్నిప్పుడు టాప్ మోడల్ అబ్బాయి అంటున్నారు. వేరే బ్రాంచీ వాళ్ళు కూడా శనివారం పొద్దున్న నా మాట వినడానికి వస్తున్నారు. దొరసానికి ముద్దులు.

నీ తమ్ముడు


జూలై 20

తమ్ముడూ,

బండి కొనిపెట్టమని నిన్నెవడ్రా అడిగాడు? ఒక్కరోజు మేనకోడలిని ఎక్కించుకుని తిప్పుతావనుకున్నాం. నువ్వేమో బేస్ మోడలు, ఇంజను అదే అని నాకు బేరం చెబుతున్నావు. నేనేమన్నా నీ ఎదురుగా సోఫాలో కాఫీ తాగుతున్న కస్టమర్నా? చదివి నాకు ఒళ్ళు మండింది. దొరసాని మాత్రం "మావయ్యకి కుదరదేమోలే" అంది. గీసుకున్న బొమ్మ మడిచి లెక్కల పుస్తకంలో పెట్టేసుకుంది. వారమంతా ఆ కోపంతోనే నీకు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది దాని గురించి కాదు.

మొన్న శుక్రవారం మా గుమ్మం ముందు ఒక పెద్ద బండి ఆగింది. అద్దాల కప్పు. నువ్వే అనుకుని మిషన్ వదిలేసి లేచాను. దొరసాని లోపలి గదిలో గుండీలు రంగుల వారీగా ఏరుతోంది, అదీ మెడ చాచింది. దిగింది ఒక లెక్చరరమ్మ. కొత్త బండి, కిటికీలకి ఎండ తెరలు కావాలట. మంచి మనిషి. కొలతలు తీస్తుంటే బండి గురించి చెప్పింది. మధ్యరకం చాలనుకుని వెళ్ళిందట, టాప్ కొనుక్కుని వచ్చిందట. ఎందుకమ్మా అన్నాను, ఊరికే మాట కలిపి.

"ఆ అబ్బాయి చెప్పింది విన్నాక ఎలా వద్దంటామండీ" అంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అతని మేనకోడలు నడవలేదట. ఆటోలో పడుకుని, నేను ఊరి గడ్డం కింద చూస్తాను అనేదట. వాళ్ళమ్మ డాక్టరు దగ్గర కుట్టు ఊడిన కర్టెన్ చూస్తూ కూర్చుందట. చివరికి ఈ బండిలో పడుకోబెట్టి, తెర జరిపి, ఒక్కసారి ఊరంతా తిప్పాడట. ఆ పిల్ల నవ్వి, నవ్వి, నెల తిరక్కుండానే పోయిందట.

పోయిందట, తమ్ముడూ.

నా చేతిలో టేపు ఉంది. అది ఎక్కడ పెట్టానో కూడా తెలీదు. ఆవిడ ఫోన్లో ఫోటో చూపించింది. రిబ్బను కట్టిన బండి, పక్కన నువ్వు. "ఇతనే, బంగారంలాంటి అబ్బాయి" అంది. లోపల గుండీల చప్పుడు ఆగిపోయింది. నేను వెనక్కి తిరిగి చూడలేకపోయాను. ఆవిడ వెళ్ళాక దొరసాని గుండీల డబ్బా ముందుకు లాక్కుంది. తెల్ల గుండీలూ గచ్చకాయ రంగు గుండీలూ కలిసిపోయాయి, మళ్ళీ ఏరాలి అంది.

ఆవిడ పొరపాటు పడిందని రాయి. ఇంకెవరి కథో నీకు అంటగట్టిందని రాయి. ఒక్కటే అడుగుతున్నాను, కర్టెన్ సంగతి ఆవిడకి ఎలా తెలిసింది?

అక్క


జూలై 29

అక్కా,

నీ ఉత్తరం చూసి చేతులూ కాళ్ళూ ఆడలేదు. ఛీ ఛీ, నేను అలా అంటానా? నా నోరు పడిపోదూ! జరిగింది విను. మా దగ్గర ఇంకో అబ్బాయి ఉన్నాడు, కొత్తవాడు. పాపం, నిజంగానే వాళ్ళన్నయ్య కూతురు పోయింది. ఆవిడకి కథ చెప్పింది వాడు, తాళంచెవి ఇచ్చి ఫోటో దిగింది నేను. ఆవిడ ఇద్దరినీ కలిపేసింది. గడ్డం కింద మాట నేను టీ తాగుతూ మురిపెంగా చెప్పుకున్నాను, వాడు దాన్ని తన కథలో కలిపేసుకున్నాడు. వాడిని చెడామడా తిట్టాను. ఇక ఆ మాట ఎత్తడు.

అక్కా, ఒక్క సాయం. ఆ లెక్చరరమ్మ కాలేజీలో ఇంకొంతమంది టాప్ మోడల్ బుక్ చేసే మాటలో ఉన్నారు. నేను ఆమె కంటికి ఆ కథలో మావయ్యనైపోయాను. దొరసానిని చూసి, నువ్వు నా అక్కవని తెలిస్తే, మోసం చేశామని గొడవ చేస్తుంది. తెరలు తీసుకోవడానికి ఆవిడ వచ్చినప్పుడు పాపని లోపలి గదిలో ఉంచి తలుపు వేయి. కొన్నాళ్ళు సాయంత్రాలు వీధిలోకి కుర్చీ తేవొద్దు. వచ్చే నెల గడిస్తే నన్ను టీమ్ లీడర్‌ని చేస్తారు. ఆ తర్వాత నేనే సెలవు పెట్టి వస్తాను.

నన్ను నమ్ము అక్కా. నువ్వు నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు?

నీ తమ్ముడు


ఆగస్టు 17

తమ్ముడూ,

నమ్మాను. ముందు అది తెలుసుకో. కర్టెన్ ప్రశ్నకి నువ్వు జవాబు రాయలేదని మొదటిసారి వినగానే తెలిసింది. అయినా నీ తరఫున నేనే ఏదో అతుకు వేసి కుట్టుకున్నాను. నీ ఉత్తరం ఎప్పట్లాగే దొరసాని చదివింది. సాయం అడిగిన చోట దాటేసి, "నమ్ము అక్కా" దగ్గరికి వచ్చేసింది. అది మధ్యలో వదిలేసిందని నాకు తర్వాత గాని తెలీలేదు. లెక్చరరమ్మ తెరలకి వచ్చిన రోజు, నేనేమీ అనకుండానే, తనే కుర్చీ తోసుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. "తల నొప్పిగా ఉందమ్మా" అంది. నేను అదీ నమ్మాను. నా అంత వెర్రిది ఉంటుందా?

మొన్న దాని కాళ్ళకి ఊతంగా కట్టే పట్టీలకి కొలతలివ్వడానికి మీ ఊరి పెద్దాసుపత్రికి వచ్చాం, నేనూ అదీ. పని త్వరగా అయింది. నిన్ను చూసి పోదామన్నాను. చెప్పకుండా వెళితే ఎగిరి గంతేస్తాడని మురిసిపోయాను. అది వద్దంది. "మావయ్య పనిలో ఉంటాడు" అంది. నేనే బలవంతం చేశాను.

నీ షోరూమ్ బాగుంది. నేల అద్దంలా ఉంది, కుర్చీ చక్రాలు చప్పుడు లేకుండా దొర్లాయి. నువ్వు లేవు, ఎవరికో బండి అప్పగించడానికి వెళ్ళావట. ఎవరమో చెప్పేలోపే ఒక అబ్బాయి పరుగున వచ్చాడు. కొత్తవాడే. కుర్చీని చూశాడు, ముఖం జాలిగా పెట్టాడు. "పాపని ఒకసారి టాప్ మోడల్‌లో కూర్చోబెడదామమ్మా, డబ్బులా ఏమన్నా" అన్నాడు. ఇద్దరం కలిసి ఎక్కించాం. నువ్వు రాసింది నిజమే, ఆ మధ్యదారి వల్ల ఎక్కడా తగల్లేదు. కుర్చీ వాల్చాడు, తెర జరిపాడు. పైన షోరూమ్ కప్పు, ట్యూబు లైట్లు. దొరసాని వాటినే చూస్తూ పడుకుంది. 

ఆ అబ్బాయి నన్ను బండి వెనక్కి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "మా సీనియర్ మేనకోడలు కూడా ఇలాగే ఉండేదమ్మా" అన్నాడు. వాళ్ళన్నయ్య కూతురు కాదు. మా సీనియర్ మేనకోడలు. ఒక్క ముక్క వదల్లేదు. ఆటోలో కాళ్ళు ముందు లోపల పెట్టడం, చంకల్లో చేతులు వేసి లాక్కోవడం, నా కర్టెన్, నా సూది, "బాగుచేస్తానని అడగనా" అన్న నా మాట, అన్నీ. మీ బావతో కూడా చెప్పుకోని నా సిగ్గు అతను అప్పజెబుతుంటే నేను తలూపుతూ విన్నాను. అదీ, నా బిడ్డ ఆకాశం చూసి నవ్వి పోవడం దాకా. నేను ఆగమనలేదు.

డిక్కీ తెరిచే ఉంది. లోపల నుంచి దొరసాని పిలిచింది. "ఆ అమ్మాయి వాళ్ళ మావయ్య బాగా ఏడ్చాడా అన్నా?" అని అడిగింది. అతను నాలిక కరుచుకున్నాడు. వినబడిందా తల్లీ అంటూ ముందుకెళ్ళి, "ఇప్పటికీ ఏడుస్తాడమ్మా. ప్రతి శనివారం ఇది చెప్పేటప్పుడు ఏడుస్తాడు. మేం ఎంత ప్రయత్నించినా ఆయనలా రాదు" అన్నాడు. గొప్పగా చెప్పాడు, నీ మీద గౌరవంతో.

అప్పుడే మీ గంటాయన వచ్చాడు. పెద్దమనిషి, పిల్లని చూడగానే వంగి మరీ మాట్లాడాడు. బండి బొమ్మ ఉన్న తాళం గొలుసు ఒకటి చేతిలో పెట్టి, నీ పేరేంటమ్మా అన్నాడు. నేను నోరు తెరిచాను. నా తమ్ముడి పేరు చెప్పి, నేను వాడి అక్కని, ఇది వాడు చంపుకున్న మేనకోడలు అని ఆ నేల అదిరేట్టు అరుద్దామనే తెరిచాను. అది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పక్కింటి పిల్ల పేరు చెప్పింది. ఆయన "మంచి పేరు" అన్నాడు. ఏ క్లాసు, ఏ బడి అని అడిగితే అన్నీ పక్కింటి పిల్లవే చెప్పింది, ఎక్కడా తడబడకుండా. వాళ్ళ నాన్న చేసే ఉద్యోగంతో సహా.

బస్సులో నా పక్కన కూర్చుని ఆ తాళం గొలుసు నా సంచిలో వేసేసింది. తర్వాత అడిగింది. "నేను బతికే ఉన్నానని చెబితే మావయ్య ఉద్యోగం పోదా అమ్మా?"

దానికేం చెప్పమంటావు? నువ్వు చెప్పు. నీకు మాటలు బాగా వచ్చు కదా, అందరికీ నేర్పిస్తావు కదా! నా కూతురు బతికున్నందుకు బెదిరిపోయిందిరా. పదిమందిలో తన పేరు తను చెప్పుకోవడానికి భయపడింది. డాక్టరు దాని కాళ్ళ గురించి చెప్పిన రోజు కూడా నాకు ఇంత అన్యాయం జరిగినట్టు అనిపించలేదు. ఆయన ఉన్నమాట చెప్పాడు.

నా కర్టెన్ సంగతి అమ్ముకో, నాకేం? నేను నీ అక్కని, అంతకంటే పెద్దవి భరించాను. దాన్ని ఎందుకు చంపావు? బతికున్న పిల్ల కథకి గంట మోగదా? నడవలేని పిల్ల రోజూ పొద్దున్నే లేచి, జడ వేయించుకుని, బడికి వెళ్ళి, నవ్వుతూ ఇంటికి రావడం మీ టాప్ మోడల్‌కి సరిపోలేదా?

మీ బావకి చెప్పాను. ఏదో పని వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్ళిపోయాడు. లెక్చరరమ్మకి నేనేమీ చెప్పలేదు, చెప్పను కూడా. నీ మీద ప్రేమతో కాదు. దొరసాని వద్దంది.

ఈ ఉత్తరం రాస్తుంటే అది పక్కనే ఉంది. ఈసారి చదవనివ్వలేదు. ఏం రాస్తున్నావమ్మా అంటే, మావయ్యకి రాస్తున్నానన్నాను. "వచ్చే సెలవుల్లో రమ్మని రాయి, బండి తేకపోయినా పర్లేదని రాయి" అంది.

అది రమ్మంటోంది. చెప్పమంది కాబట్టి చెప్పాను. నేను రావద్దంటున్నాను.

అక్క